నిమిషానికి వంద గీతలు

చి. సౌ. ఇదిగోకి,

నీ ఏవండీ రాయునది. ఇక్కడ నేనూ, మేడ మీద అక్కయ్యా, కొట్లో నూట పదకొండు గడియారాలూ ఉన్నాం. అందులో అక్కయ్యా నేనూ క్షేమం. గడియారాలు క్షేమంగా ఉంటే నా దగ్గరికి ఎందుకొస్తాయి కనక వాటి సంగతి అడగకు. అక్కడ ఆ దీవి మీద నువ్వూ, గాలికి తిరిగే నీ గిన్నెలూ, వాన కొలిచే నీ గొట్టాలూ, నీతోపాటు ఆ వాతావరణ కేంద్రంలో ఉన్న నలుగురూ కులాసా అని తలుస్తాను.

ఈ ఉత్తరం పని బల్ల మీదే రాస్తున్నాను. ఇప్పుడు పొద్దున తొమ్మిదిన్నర. టపా సంచి సాయంత్రం ఐదింటికి రేవులో కట్టేస్తారు. రేపు తెల్లవారుతూనే పడవ బయలుదేరుతుంది. అది దాటితే మళ్ళీ నెలకి గాని నా మాట నీకు చేరదు. కాబట్టి ఐదులోపల నీకొక మాట రాయాలి. ఆ మాట ఏమిటో నాకే ఇంకా తెలియదు. కంగారు పడకు, చెబుతాను. ముందు నీ ప్రశ్నలకు జవాబులు రాసేస్తే నా చెయ్యి కాస్త స్థిమితపడుతుంది.

బూట్ల సైజు అడిగావు. ఏడో, ఎనిమిదో. చెప్పుల కొట్టాయనకి తెలుసు, నాకు తెలియదు. పడవ ప్రయాణం పడుతుందా అన్నావు. భేషుగ్గా పడుతుంది. పడవలే నన్ను చూసి భయపడాలి. గాలి హోరులో నిద్ర పడుతుందా అన్నావు. నూట పదకొండు టిక్కుటిక్కుల మధ్య పగటిపూట కునుకు తీసే మనిషికి గాలి ఒక లెక్కా. ఒకే ఒక్క ట్రంకులో పట్టేటన్ని పనిముట్లు ఉంచుకోమంటే ఏవి ఉంచుకుంటారని అడిగావు. మూడు బీరువాలే చాలడం లేదు, ట్రంకు ఏ మూలకి? కావాలంటే ట్రంకులో నేను కూర్చుంటాను, పనిముట్లు బయట ఉంటాయి. వదినకి ఒక్కతే ఉండటం అలవాటేనా అన్నావు. మీ వదినకి నలుగురిలో ఉండటమే అలవాటు లేదు.

ఇవేం ప్రశ్నలో నాకు అంతుపట్టలేదు. చుట్టూ నీళ్ళు తప్ప మరేమీ లేనిచోట కూర్చుంటే బుర్రలోకి ఇలాంటివే వస్తాయి కాబోలు అనుకున్నాను. నన్ను కూర్చోనివ్వకుండా, నిలబడనివ్వకుండా చేస్తున్నది నీ ఉత్తరంలో చివరి పేరా. పడవ వచ్చిన రోజు నుంచి, అంటే మూడు రోజులుగా, దాన్ని ఎన్నిసార్లు చదివానో. మడత దగ్గర కాగితం చిరిగింది. నీ మాటలు నీకే మళ్ళీ రాస్తున్నాను, ఎందుకంటే ఇవి చదివినప్పుడు నా మొహం ఎలా ఉందో నువ్వు చూడలేదు.

"మీరు పంపిన 'సరే' చదివి చాలాసేపు బయట గాలిలో నిలబడ్డాను. రెండేళ్ళ కాగితం మీద సంతకం పెట్టేశాను. ఇంకా పంపలేదు. మీ సరే మరీ తేలిగ్గా ఉంది. పెట్టెలో మాట ఉత్తరాల్లో రాసుకోకూడదన్నది నా షరతే, ఇక్కడ టపా సంచి భోజనాల బల్ల మీద విప్పుతారని మీకు తెలుసుగా. అందుకని విషయం రాయకండి. ఆ ఒక్క సరే మాత్రం ఇంకోసారి మీ చేత్తో రాయండి. పడవ దాన్ని తెచ్చిన రోజే, తిరుగు టపాలో కాగితం పంపేస్తాను."

రెండేళ్ళు. నువ్వు వెళ్ళింది ఏడాదికి. పది నెలలయ్యాయి. గోడ మీది క్యాలెండరు చూడటానికి నేను గడియారాలు కూడా మానేశాను. ఇప్పుడు ఇంకో రెండేళ్ళ కాగితం మీద నువ్వు సంతకం పెట్టావంటే, దానికి నేను సరే అన్నానంటే, ఈ మూడు రోజులుగా ఈ కొట్లో కాలు కాలిన పిల్లిలా ఎందుకు తిరుగుతున్నానో నీకు అర్థం కావాలి. నిన్న ఒకాయన చేతి గడియారంలో బ్యాటరీ వేయమని ఇస్తే, పాత బ్యాటరీయే తీసి, తుడిచి, మళ్ళీ వేసి ఇచ్చాను. ఆయన మెట్లు దిగకముందే వెనక్కి వచ్చాడు.

కాస్త ఆగు. లేచి ఒకసారి వీధిలోకి వెళ్ళొస్తాను.

వచ్చాను. పదీ పది. నీ జీపీఎస్, అదే ఆ దారి చూపే చేతి యంత్రం, నా ఎదురుగానే ఉంది, క్షేమం. బ్యాటరీలు తీసి విడిగా పెడుతున్నాను, నువ్వు చెప్పినట్టే. బయటికి వెళ్ళేటప్పుడు వేరే జత జేబులో. ఆకాశం కనబడేచోట ఆన్ చేసి, ఉపగ్రహాలు దొరికేదాకా రెండు నిమిషాలు కదలకుండా నిలబడటం. ఎత్తయిన గోడల మధ్య అంకెలు గంతులేస్తే దాన్ని నమ్మకపోవడం. నిలబడి ఉంటే బాణం ఎటు పడితే అటు తిరుగుతుంది కనక, నాలుగడుగులు వేశాకే అది చూపిన దిక్కు చూడటం. పది మీటర్లలోకి వచ్చాక దాన్ని జేబులో పెట్టి కళ్ళతో వెతకడం. ఇవన్నీ ఇప్పుడు నాకు కంఠతా వచ్చు. నీకు ఆ జియోకాషింగ్ పిచ్చి పట్టిన కొత్తలో, ఊళ్ళో ముక్కూ మొహం తెలియనివాళ్ళు దాచిన డబ్బీల కోసం ఆదివారాలు చెట్ల వెంటా పుట్టల వెంటా తిరుగుతావేమిటని నేనెంత వెక్కిరించానో తలుచుకుంటే సిగ్గేస్తుంది. డబ్బీ దొరికితే అందులోని చీటీ మీద పేరూ తేదీ రాసి, ఎక్కడిది అక్కడే పెట్టేసి రావడం. దీనికి ఇంత యాతనా అనేవాణ్ణి.

నువ్వు వెళ్ళేముందు నా కోసమే నాలుగు పెట్టెలు దాచి, వాటి చోటు చెప్పే అక్షాంశ రేఖాంశాల అంకెలు ఇందులో నువ్వే ఎక్కించి వెళ్ళినప్పుడు కూడా నవ్వాను. డాక్టరు నడవమన్నాడు, నేను నడవను, అందుకని ఈ ఎత్తు. బస్టాపు బెంచీ కింద అయస్కాంతంతో అంటించిన మొదటిది దొరికితే "నడుం నిటారుగా పెట్టి కూర్చోండి" అని చీటీ. లైబ్రరీ నీళ్ళ గొట్టం వెనక రెండోది, "కళ్ళు చూపించుకోండి". పాదచారుల వంతెన మీద బోల్టులా నటిస్తున్న మూడోది, దాని ముందు నేను ముప్పావుగంట బోల్టులు లెక్కపెట్టాను. అందులో "వదినకి సారీ చెప్పండి" అని ఉంది. దేనికో రాయలేదు గాని చెప్పేశాను, అక్కయ్య కూడా దేనికని అడగలేదు. నాలుగోది చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది, మన కొట్టు షట్టరు పెట్టెలోనే ఉంది. "తిన్నగా ఇంటికొచ్చారుగా" అని రాశావు. ఆ రోజు షట్టరు సగం తెరిచి, దాని కిందే చాలాసేపు కూర్చున్నాను.

ఐదోది మాత్రం నీ సెలవుల్లో దాచావు. ఆరో నెలలో ఐదు రోజులకని వచ్చి, చివరి రోజు కుళాయికి వాషరు తెస్తానని వెళ్ళి, రెండు గంటల తర్వాత వాషరు లేకుండా వచ్చావు. దాని అంకెలు తర్వాతి ఉత్తరంలో నీ చేతిరాతలో వచ్చాయి. నేనే యంత్రంలోకి ఎక్కించాను.

ఇక్కడ పెన్ను మూత పెట్టాను, తీశాను, మళ్ళీ పెట్టాను. నిన్న అక్కయ్య, మోకాళ్ళ నిండా మట్టితో వచ్చిన నన్ను మెట్ల దగ్గర నిలబెట్టి అడిగింది, ఈ వయసులో ఎక్కడ పాకుతున్నావురా అని. విషయం చెప్పేశాను. ఆవిడ చేతిలో చేట పక్కన పెట్టి, "దొరకలేదని రాస్తే నీ పెళ్ళాం నిన్ను వదిలేస్తుందా? దొరికిందని రాశావు చూడు, దానికి వదిలేయాలి" అంది.

అదే. ఐదో పెట్టె నాకు దొరకలేదు. దొరికింది, చదివాను, సరే, నాకే అభ్యంతరమూ లేదు అని కిందటి నెల రాసింది అబద్ధం.

ఎందుకు రాశానంటే, మొదటి నెల దొరకలేదని రాయడానికి నామోషీ అనిపించి ఆ ఊసే ఎత్తలేదు. రెండో నెల నువ్వు "పెట్టె దొరకలేదా, దొరికినా జవాబు చెప్పడం ఇష్టం లేదా" అని అడిగావు. ఆ ముక్క గుచ్చుకుంది. నాలుగు పెట్టెల్లోనూ ఉన్నవి చూశాను కదా, ఐదోదాంట్లోనూ ఏ ఉప్పు తగ్గించండి, ఏ మేజోళ్ళు ఉతకండి అని ఉంటుంది, దానికి సరే అంటే సరిపోతుంది అనుకున్నాను. చదవని మాటకి సరే అన్నాను. ఇరవై రెండేళ్ళ కాపురంలో నువ్వు ఏం అడిగినా సగం విని సరే అనేవాణ్ణి, ఆ అలవాటే ఇంతకి తెచ్చింది. ఇప్పుడు తేలు కుట్టిన దొంగలా ఉన్నాను.

ఇంకొకటి కూడా చెబుతాను, చెప్పడం మొదలుపెట్టాను కదా. ఈ మూడు రోజుల్లో నీ మీద కోపం వచ్చింది. రెండేళ్ళు వెళ్ళిపోతానని మనిషి ఎదురుగా చెప్పకుండా, డబ్బీలో పెట్టి, దాన్ని నేను వెతుక్కోవాలా అని. నేనంటే ఇంత ఆటగా ఉందా అని. ఆ తర్వాత, అసలు ఎదురుగా చెబితే నేను వినే రకమేనా అని. రెండూ ఒకేసారి అనిపిస్తున్నాయి.

వెతకలేదనుకోకు. నీ అంకెలు నన్ను తీసుకెళ్ళింది పెద్ద లాండ్రీ వెనకవైపు పెరట్లోకి. దుప్పట్లు ఆరేసే ఇనప స్తంభాలు పన్నెండు, నీళ్ళు పోయే తూము ఒకటి, విరిగిన ఇస్త్రీ బల్లలు మూడు. మూడు నెలలుగా వీలు దొరికినప్పుడల్లా, ఈ మూడు రోజులూ పూటపూటా, అవన్నీ తడిమాను. యంత్రం మూడు మీటర్ల తేడా అని హామీ ఇస్తూ ఒకే స్తంభం దగ్గర నిలబెడుతోంది. మొదట్లో లాండ్రీ ఆవిడ నన్ను దుప్పట్ల దొంగ అనుకుంది. తర్వాత గడియారాలాయనకి మతి పోయిందనుకుంది. మొన్న నా కోసం ఒక కుర్చీ వేసింది. నిన్న సాయంత్రం ఆ కుర్చీలో కూర్చుని, తడి దుప్పట్ల మధ్య నుంచి ఆకాశం చూస్తూ, ఎవరో పెట్టె తీసుకుపోయారని తేల్చుకున్నాను.

కాబట్టి రాయగలిగింది ఇది. నువ్వు అడిగిన సరే రాయలేను. దేనికో తెలియకుండా ఇంకోసారి రాస్తే నా అంత పనికిమాలినవాడు ఉండడు. కాగితం ఒక్క నెల ఆపు. పెట్టెలో ఏముందో విప్పి రాయి, భోజనాల బల్ల మీద నలుగురూ చదివినా సరే.

మెట్ల మీద ఎవరో వస్తున్నారు, ఆపుతున్నాను.

మూడూ ఇరవై. తొందరగా రాస్తున్నాను, అక్షరాలు బాగోకపోతే సర్దుకో. జరిగింది జరిగినట్టు రాస్తాను, మధ్యలో లేచి తిరగను.

వచ్చింది బట్టల ఫ్యాక్టరీ సూపర్‌వైజరమ్మ. నిన్న ఒక స్టాప్‌వాచ్ ఇచ్చి వెళ్ళింది. కుట్టుపనిలో ఒక్కో కాలరుకీ ఒక్కో జేబుకీ ఎంతసేపు పడుతుందో దాంతో కొలుస్తారట. అది తొందరపడుతోందని కుట్టేవాళ్ళ ఫిర్యాదు. పొద్దున విప్పి, తుడిచి, నా పెద్ద గడియారంతో పోల్చి చూశాను. నిమిషానికి సరిగ్గా ఒక చుట్టు తిరుగుతోంది. కానీ అరనిమిషం దగ్గర ముల్లు యాభై చూపిస్తోంది. డయలు మీద అరవైకి బదులు వంద గీతలున్నాయి. ఎవరో అతితెలివిగాడు వేరేదాని డయలు దీనికి తగిలించాడని తిట్టుకుంటూ పక్కన పెట్టాను. ఆవిడకి కూడా అదే చెప్పాను, ఇది బాగుచేసే రోగం కాదమ్మా, మొహమే మార్చేశారు అని.

ఆవిడ నవ్వింది. "అది అలాగే ఉండాలండీ. మా లెక్కలో నిమిషానికి వంద భాగాలు. సెకన్లు ఉండవు. అరనిమిషం అంటే పాయింటు ఐదు, అంతే. కూడటానికి తేలిక."

పాతికేళ్ళుగా గడియారాలు విప్పుతున్నాను. నిమిషం తర్వాత సెకను తప్ప ఇంకొకటి ఉంటుందని నా బుర్రకి ఎన్నడూ తట్టలేదు. ఆవిడ మాట్లాడుతూనే ఉంది, నేను సొరుగు లాగి ఐదో పెట్టె అంకెలున్న నీ పాత ఉత్తరం తీశాను. గంటకిలాగే డిగ్రీకీ అరవై నిమిషాలుంటాయన్నావు కదా, డిగ్రీల తర్వాత ఇరవై నాలుగు నిమిషాలు, చుక్క, నాలుగు ఒకటి రెండు. రెండో వరసలోనూ అంతే, చుక్క తర్వాత మూడంకెలు. నువ్వు రాసింది నిమిషంలో వెయ్యో వంతులు. నేను చదివింది ఇరవై నాలుగు నిమిషాల నలభై ఒకటి పాయింటు రెండు సెకన్లు. అసలు నువ్వు ఇచ్చి వెళ్ళిన యంత్రంలో సెకన్లు లేవు. సెకన్లు లేని నిమిషమేమిటి, మొండి చెయ్యిలా, అని సెట్టింగుల్లోకి వెళ్ళి నేనే సెకన్లు పెట్టుకున్నాను. పెట్టుకుని మురిసిపోయాను కూడా. నువ్వు ఎక్కించిన నాలుగూ యంత్రం తనంతట తాను మార్చుకుంది కాబట్టి అవి సరిగ్గానే దొరికాయి. నేను ఎక్కించిన ఒక్కటీ నన్ను దుప్పట్ల మధ్యకి తోలింది. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు ఇన్నాళ్ళూ యంత్రాన్ని, పెట్టె ఎత్తుకుపోయిన దొంగనీ తిట్టాను.

సూపర్‌వైజరమ్మకి స్టాప్‌వాచ్ ఇచ్చేసి, మీ కుట్టేవాళ్ళకి వాచీది తప్పు కాదని చెప్పమని, ఆవిడ ఎదురుగానే షట్టరు దించాను. వీధిలో నిలబడి అంకెలు మళ్ళీ కొట్టాను. లాండ్రీకి ఆరు వందల మీటర్ల పైచిలుకు ఇవతల, బాణం తిన్నగా రేవు వైపు తిరిగింది.

రేవు అనగానే కాళ్ళు ఒకసారి ఆగాయి. నీకు తెలుసు. నువ్వు వెళ్ళిన రోజునా, సెలవు అయ్యాక తిరిగి వెళ్ళిన రోజునా, నేను గేటు దగ్గరే ఆగిపోయాను. కొట్టు తెరవాలి, ఆలస్యమవుతుంది అన్నాను. రెండుసార్లూ అబద్ధమే. పడవదాకా వెళ్ళే ఆ చెక్కల వంతెన సందుల్లోంచి కింద నీళ్ళు కనబడతాయి. అవి చూస్తే నాకు గుండెలో రాయి పడ్డట్టుంటుంది. నేను ఇంతవరకు ఒక్క పడవా ఎక్కలేదు. పొద్దున రాసిన ప్రగల్భాలు చదువుకుంటే ఇప్పుడు మొహం చెల్లడం లేదు.

బాణం గేటు దాటి, వంతెన మీదుగా చివరికి చూపించింది. వెళ్ళాను. మరీ మెల్లగా వెళితే బాణం తిరిగిపోతుందన్నావు కదా, అందుకని ఆగకుండా నడిచాను, కింద చూడకుండా. టపా గుమాస్తా తన గదిలోంచి చూసి ఏమైనా కావాలా అని అడిగాడు. కావాలి గాని మీ దగ్గర లేదు అన్నాను. చివరి పది మీటర్లలో యంత్రాన్ని జేబులో పెట్టాను. అక్కడ బెంచీ లేదు, గొట్టం లేదు, తూము లేదు. వంతెన అయిపోయే చోట నీళ్ళు, ఒక ఇనప కమ్మీ, అంతే. ఒక అల వచ్చి కింద స్తంభాన్ని కొట్టింది, చెక్కలు అదిరాయి, నేను రెండు చేతులతో కమ్మీని గట్టిగా పట్టుకున్నాను. కుడిచేతి వేళ్ళకి కమ్మీ కింద ఏదో తగిలింది.

భయపడ్డ చెయ్యి ఎక్కడికి వెళుతుందో చూసి అక్కడే పెట్టావు.

అగ్గిపెట్టె కన్నా కాస్త పెద్దది, నల్ల టేపు చుట్టి, అయస్కాంతంతో. అక్కడే చెక్కల మీద కూర్చుని తీశాను. నాలుగు నెలల ఉప్పుగాలికి అంచు తుప్పు పట్టింది గాని చీటీ పొడిగానే ఉంది, పెన్సిలుతో రాశావు కనక చెరగలేదు. నువ్వు రాసిందే నీకు రాస్తున్నాను, నేను చదివాననడానికి సాక్ష్యంగా.

"ఏవండీ, నోటితో అడిగితే నన్ను నవ్వించి తప్పించుకుంటారు. అందుకే ఇక్కడిదాకా నడిపించాను. మీరు ఇది చదువుతున్నారంటే నీళ్ళ మీద అరవై అడుగులు వేశారన్నమాట. మిగిలింది పడవలో పదహారు గంటలు. ఇక్కడ పరికరాల గదిలో గడియారాలతో నడిచే యంత్రాలు పదకొండున్నాయి, వాటిని ముట్టుకోవడం వచ్చినవాళ్ళు లేరు. ఇంకో రెండేళ్ళు ఉండమని అడుగుతున్నారు. నాకు ఉండాలని ఉంది. మీరు వస్తే సంతకం పెడతాను. రానంటే ఏడాది నిండగానే వచ్చేస్తాను, మళ్ళీ ఈ మాట ఎత్తను. ఏది చెప్పినా ఫరవాలేదు. నవ్వకుండా చెప్పండి."

ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. నాకు తెలియని సమయం ఉండటం ఇదే మొదటిసారి. నువ్వు రెండేళ్ళు వెళ్ళిపోవడం లేదు. ముందు ఆ ఒక్క ముక్క అర్థమై ఏడ్చాను. తర్వాత మిగతాది అర్థమైంది. బూట్లు ఎవరివో, పడవ ఎవరికి పడాలో, ట్రంకు దేనికో. నేను చూడకుండా సరే అన్నది ఈ కొట్టు మూయడానికి, ఈ బల్ల వదలడానికి, నా కాళ్ళ కింద నీళ్ళు పెట్టుకుని పదహారు గంటలు ఉండటానికి. ఆ మాట చదివి నువ్వు గాలిలో నిలబడి ఏమనుకున్నావో ఆలోచిస్తే, ఇంతకన్నా నన్ను తిట్టి ఉంటే బాగుండు అనిపించింది. నీకు ఇంత కావలసినదాన్ని నేను ఒక సరేతో పారేశాను.

చీటీ కింద పేరుకి బదులు ఏవండీ అని రాసి, ఇవాళ్టి తేదీ వేసి, చీటీ నాతో తెచ్చుకున్నాను. తీసుకున్నదానికి బదులు ఏదైనా ఉంచాలన్నది నీ ఆట నియమం కదా. జేబులో ఒక పాత గడియారం సెకన్ల ముల్లు ఉంది. అది పెట్టి, పెట్టె మళ్ళీ అక్కడే అంటించి వచ్చాను. తిరిగొచ్చేటప్పుడు ఒకసారి కింద చూశాను. నీళ్ళే.

అక్కయ్యకి చెప్పాను. నిన్ను ఒక్కదాన్నే వదిలి ఎలా అన్నాను. "నేనేం చంటిపిల్లనా? ముందు గది ఆ లైబ్రరీలో పనిచేసే పిల్లకి అద్దెకిస్తాను, అడుగుతూనే ఉంది. నువ్వు పోతే ఆ గడియారాల మోత ఆగుతుంది" అంది. తర్వాత లోపలికి వెళ్ళి పాత ట్రంకు బయటికి లాగింది. అందులోని దుప్పట్లు తీసి మడత పెడుతూ, నా వైపు చూడకుండా, మా మరదలికి మొదట్నించీ నీకన్నా తెలివెక్కువ అంది. నేను దుప్పటి రెండో కొస పట్టుకున్నాను.

నాలుగూ ఐదు. పొద్దున రాసిన జవాబులు కొట్టేయి. ఇవి అసలువి.

బూట్ల సైజు ఎనిమిది. ఎడమ కాలు కాస్త పెద్దది, మందపు మేజోడు వేసుకుని కొలిచాను, ఎనిమిదిన్నరే తీసుకో. గాలి హోరులో నిద్ర పడుతుందో లేదో తెలియదు, నువ్వు వెళ్ళాక ఇక్కడా సరిగ్గా పట్టడం లేదు. ట్రంకులో చిన్న లేత్ మిషను, కంటి భూతద్దం, పట్టకార్లు ఆరూ, స్క్రూడ్రైవర్ల పెట్టె, నూనె బుడ్డీలు, నాన్న వాడిన సుత్తి. ఇవి చాలు. మిగతావి నా భయానికి కొనుక్కున్నవే. ఆ పదకొండు యంత్రాల్లో స్ప్రింగు ఏవి, బ్యాటరీ ఏవి, డయలు మీద ఎన్ని గీతలున్నాయో లెక్కపెట్టి రాయి. కొట్లో నూట పదకొండింటిలో బాగయ్యేవి ఈ నెలలో బాగుచేసి ఇచ్చేస్తాను, కానివి కావని చెప్పి ఇచ్చేస్తాను. బోర్డు విప్పడానికి మాత్రం వేరేవాళ్ళని పిలుస్తాను, అది నా చేత్తో విప్పలేను.

రెండోసారి రాయమన్నావు. ఈసారి చదివి, నడిచి, కూర్చుని, ఏడ్చి రాస్తున్నాను. సరే. కాగితం పంపించు. వచ్చే నెల పడవకి వస్తున్నాను.

పడవ పడుతుందో లేదో నాకు తెలియదు. పట్టుకోవడానికి దానికి చుట్టూ కమ్మీ ఉంటుందా? ఇది నిన్ను నవ్వించడానికి అడగడం లేదు.

ఇట్లు,
నీ ఏవండీ